ఫిలడెల్ఫియా జపాన్ ఇల్లూ, మా చర్చి వెనక సందూ

అక్టోబరు నెల, శనివారం ఉదయం ఏడున్నరకి న్యూబ్రన్స్‌విక్ స్టేషన్లో ముగ్గురం రైలెక్కాం. నేను, మా సంఘపెద్ద జయరావు, అతని భార్య రత్నం. పిస్కాటవేలో కొన్ని తెలుగు క్రైస్తవ కుటుంబాల వాళ్లం కలిసి, మూతపడ్డ కార్పెట్ల దుకాణం ఒకటి కొని చర్చి చేసుకుంటున్నాం. దాని వెనక గోడకీ కంచెకీ నడుమ సన్నటి సందు ఉంది. అందులో తారు పోయించి రెండు కార్లు పెట్టించాలని జయరావు పట్టు. గోడ కొట్టి అద్దాల తలుపులు పెట్టి, సందులో రాళ్లూ నాచూ ఒక చిన్న మేపుల్ చెట్టూ పెంచాలని నా పట్టు. మర్నాడు ఆరాధన అయ్యాక చేతులెత్తి తేల్చుకోవాలి. జయరావు ఎటంటే సంఘం అటు. అందుకే ఈలోగా ఫిలడెల్ఫియా పార్కులో ఉన్న జపాన్ ఇల్లు ఒక్కసారి చూడమని బతిమాలి బయల్దేరదీశాను.

నేను కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. ఒక కంపెనీలో ఇళ్ల నక్షాలు దిద్దుతూ, టౌన్ లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తూ నేర్చుకున్నదే నా చదువు. ఆ పుస్తకాలు చదివితే ఒళ్లు మండుతుంది. గోడకి బదులు అద్దం, పక్కకి జరిపే తలుపులు, గదికీ తోటకీ హద్దు చెరిపెయ్యడం, అన్నీ ఈ దేశపు ఆర్కిటెక్టుల బుర్రలోనే పుట్టినట్టు రాసుకుంటారు. జపాన్ వాళ్లు తరతరాలుగా కాగితం తలుపులతో చేస్తున్న పని అది! ఈ ఇంటినే మొదట న్యూయార్కులో ఒక మ్యూజియం ఆవరణలో నిలబెడితే జనం విరగబడి చూశారు. చూసినవాళ్లు వెళ్లి కట్టుకున్నారు. నేర్చుకుంటే తప్పులేదు, నేర్పినవాడి పేరు మింగెయ్యడమెందుకు?

వెళ్లదలచినవాళ్లు ట్రెంటన్‌లో రైలు మారాలి. వ్యవధి తక్కువ, కాఫీకని ఆగితే రైలు పోతుంది. మేం ఆగలేదు. జయరావు సణుగుడూ ఆగలేదు.

"పార్కింగ్ లేకపోతే జనం చర్చికి రారు, అన్నయ్యగారూ. రాళ్లు చూడ్డానికొస్తారా?"

"కార్లు చూడ్డానికొస్తారటయ్యా?"

"ఇద్దరూ కాసేపు ఊరుకోండి బావగారూ, అందరూ మనల్నే చూస్తున్నారు," అంది రత్నం.

ఫిలడెల్ఫియాలో దిగి పార్కుకి బస్సెక్కాం. పక్క సీట్లో ఒక నల్లజాతి పెద్దావిడ మేం ఎక్కడికెళ్తున్నామో అడిగి నవ్వింది. పుట్టింది ఇక్కడేనట, ఆ ఇల్లు మాత్రం చూడలేదట. "అక్కడ షూస్ విప్పమంటారు. నా సాక్స్‌కి ఎప్పుడూ చిల్లులే!" జయరావు గబుక్కున తన కాళ్లకేసి చూసుకున్నాడు.

పదిన్నరకి టిక్కెట్లు కొని లోపలికెళ్లాం. గేటు దగ్గర నిలబడితే ఇల్లు కనిపించదు. దారి ఒక వంపు తిరిగితే చూరు, ఇంకో వంపు తిరిగితే చెట్టుబెరడు పరిచిన కప్పు. నడిచే రాళ్లు ఎగుడుదిగుడు.

"మంచి మేస్త్రీ దొరకలేదు పాపం," అన్నాడు జయరావు.

"కావాలనే అలా పరిచారు. తల దించుకుని మెల్లిగా నడవాలని."

ఇంటి ముందు, అక్కడ పనిచేసే అమెరికన్ ఆవిడ షూస్ విప్పించింది. మన అరుగులాంటి వసారా దాటితే గడ్డి చాపలు పరిచిన గది. జయరావు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "చూరు మరీ కిందికుంది. తోటలో కొలను సగమే కనిపిస్తోంది. దీనికా ఇంత దూరం?"

నేను జవాబు చెప్పేలోపే ఆ అమెరికన్ ఆవిడ కంగారుగా వచ్చింది. "ఆమెకి ఒంట్లో బాగాలేదా?"

చూస్తే రత్నం గదిలో ఎడంవైపు చాపమీద కూర్చుని, కొంగు తలమీద కప్పుకుని, కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి.

జయరావు సిగ్గుతో ముడుచుకుపోయాడు. "లే, లే! ఇది చర్చి కాదే!"

"చెప్పులు విప్పించి చాపమీద కూర్చోబెడితే చర్చి కాక మరేంటండీ?" అంది రత్నం. "మనూళ్లో ఇలాగే కదా కూర్చునేవాళ్లం. ఇక్కడ బూట్లతో కుర్చీల్లో కూర్చుంటే, బ్యాంకులో మన వంతెప్పుడొస్తుందా అన్నట్టుంటుంది నాకు."

మా చిన్నప్పటి మిషన్ చర్చి కళ్లముందు కదిలింది. ఈతచాపలు, వరండాలో వరసగా చెప్పులు, ఆడవాళ్లొక పక్క, మగవాళ్లొక పక్క. యాభై ఏళ్లు దాటినా ఆ చాప గరుకు నా మోకాళ్లకి గుర్తుంది.

జయరావు అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. భార్య పక్కన కాదు. నడుమ దారి వదిలి, కుడివైపు. నేనూ అతని వెనకే కూర్చున్నాను. అలా కూర్చున్నాక చూరు పైకి లేచినట్టయి కొలను మొత్తం కనిపించింది. నీళ్లు, రాళ్లు, అవతల ఎర్రబడ్డ మేపుల్. కప్పు అంత కిందికి దించింది కూర్చున్నవాళ్ల కోసం. అతను చాలాసేపు లేవలేదు.

"చాలామంది నిలబడే ఫొటో తీసుకుని వెళ్లిపోతారు," అంది అమెరికన్ ఆవిడ మెల్లగా.

గేటు బయట బెంచీ మీద రత్నం తెచ్చిన చపాతీలు, కోడికూర తిన్నాం. మూడు గంటల రైలు పట్టుకున్నాం. ఈ ఇంటి గురించి ఎన్ని పుస్తకాలు చదివానో! నిలబడితే సగమే కనిపిస్తుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మీరు వెళితే చిల్లుల్లేని సాక్స్ వేసుకోండి, తీరిగ్గా కూర్చోండి.

ట్రెంటన్‌లో రైలు మారి కూర్చున్నాక కూడా జయరావు తారు మాట ఎత్తలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు:

"అన్నయ్యగారూ, ఆ సందులోకి వాన జల్లు కొడుతుంది కదా. అంతమంది చెప్పులు ఎక్కడ విడుస్తారు?"

నిద్రపోతోందనుకున్న రత్నం కళ్లు తెరవకుండానే అంది: "చూరు కిందికి దించండి."