కిటికీ వైపు చూసే సిస్టరు

తొంభైల్లో కొత్త డాక్టరుగా అరకు కొండల్లోని చిన్నాసుపత్రిలో చేరినప్పుడు, అక్కడ సాలూరు నుంచి వచ్చిన నర్సు, సిస్టరు, సూది గుచ్చుతూ కిటికీలోంచి బయటికి చూసేది. అక్కడ కాఫీ మొక్కలు తప్ప ఏమీ లేవు. నాకు ఒళ్లు మండేది. కొండ ఆడవాళ్ల ముంజేతుల నిండా పచ్చబొట్లే, నరం కంటికి ఆనదు, అందుకే వేలితో వెతుక్కుంటోంది కాబోలని సర్దుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం, కాన్పయిన అమ్మాయికి రక్తం ఆగలేదు. సెలైన్ ఎక్కిస్తూ కిందికి, పెద్దాసుపత్రికి పంపాలి. నరాలు అణిగిపోయాయి. సులువుగా దూరుతుందని సన్నటి నీలం రంగు క్యాన్యులా, నరంలోకి ఎక్కించే సెలైన్ గొట్టం, అందించాను. ఆవిడ దాన్ని పక్కన పెట్టి లావుపాటి ఆకుపచ్చది తీసింది.

"నీలం దూరతాది బాబూ. కానీ దాంట్లోంచి ఎంతని పోతాది? ఈ గుంట ప్రాణంతో కొండ దిగాల కదా."

ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది. బయట జీపు సిద్ధంగా ఉంది.

"సిస్టర్, బేగి!" అని అరిచాను, తొందరగా అనడానికి వాళ్ల వైపు మాటే నా నోట్లోకి వచ్చేసి.

ఆవిడ కిటికీ వైపే చూస్తూ మళ్లీ ఆకుపచ్చదే తీసింది. ఈసారి ఎక్కింది.

ఆ అమ్మాయి బతికిందని కబురొచ్చాక అడిగాను, రెండుసార్లు తప్పినా భయం వెయ్యలేదా అని.

"ఎందుకెయ్యదు బాబూ? మీ మొకం సూసుంటే నీలమే తీసేద్దును."