గళ్ళ రాకెట్ చేసిన కొలతలాయన

ఫిరంగి గుళ్ళ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు తనిఖీ పని చేసిన ఆయన్ని అందరూ కొలతలాయన అనే పిలిచేవారు. వెంట్రుకవాసి తేడా ఉన్నా సరుకు వెనక్కి తోసేవాడు. "పెళ్ళాం ముక్కు కూడా కొలుచుకునే చేసుకున్నాడురా" అని లేత్ మీద పనివాళ్ళు నవ్వుకునేవారు.

రిటైరయ్యాక వెనక గదిలో చిన్న లేత్ పెట్టుకుని ఓడలు, విమానాల నమూనాలు చేయసాగాడు. ఆ సంగతి విని ఒకరోజు యుద్ధ మ్యూజియం అధికారి ఇంటికొచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఊళ్ళ మీదికి వదిలిన వీ-2 రాకెట్ నమూనా కావాలన్నాడు. ఫోటోలున్న లావుపాటి పుస్తకం చేతికిచ్చాడు.

"నలుపూ తెలుపూ గళ్ళు వేయండి, బావుంటుంది."

"ఆ గళ్ళు పరీక్షకి ఎగరేసినవాటికండీ. గాల్లో ఎలా తిరుగుతోందో కింద నుంచి కనిపెట్టడానికి. జనం మీద పడ్డవి మురికి ఆకుపచ్చవి."

"ఆకుపచ్చది ఎవరు చూస్తారండీ? పిల్లలకి గళ్ళే నచ్చుతాయి."

కొలతలాయన ఇష్టం లేకుండానే తలూపాడు. అసలుది పద్నాలుగు మీటర్లు. ఇరవయ్యో వంతుకి డెబ్భై సెంటీమీటర్లు. చెక్కముక్కలు జిగురుతో అతికించి, లేత్ మీద తిప్పి, ముక్కు సూదిలా దించాడు. తోకకి నాలుగు రెక్కలు కోసి బిగించాడు. లప్పం పెట్టి, తడిపిన గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ పెట్టి, మళ్ళీ రుద్దాడు. వేలికి గరుకు తగలకుండా పోయేదాకా వదల్లేదు. తెల్లరంగు ఆరాక టేపు అంటించి నల్లగళ్ళు వేస్తే, ఒకచోట రంగు టేపు కిందికి పాకింది. గోకేసి మొదటికొచ్చాడు.

ఒక మధ్యాహ్నం భార్య టీ తెచ్చి, బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం వైపు చూసింది. సొరంగంలో చారల బట్టల మనుషులు, ఎముకలగూళ్ళు.

"వీళ్ళెవరండీ?"

"దీన్ని తయారు చేసిన ఖైదీలు. ఇది మీద పడి పోయినవాళ్ళ కన్నా దీన్ని చేస్తూ పోయినవాళ్ళే ఎక్కువట."

ఆమె చాలాసేపు చూసింది. "తప్పు వీళ్ళదేనని రాయలేదు కదా? మా చిన్నోడి మీద రాసినట్టు."

చిన్నోడంటే ఆమె తమ్ముడు. అమ్మ పోతే అక్క దగ్గరే పెరిగాడు. అతనికి ఫ్యాక్టరీలో పని పెట్టించింది కొలతలాయనే. పంతొమ్మిదేళ్ళ కిందట గుళ్ళలో పేలుడు మందు దట్టించే షెడ్డు పేలి చిన్నోడూ, ఇంకో అయిదుగురూ పోయారు. అతని నిర్లక్ష్యమే కారణమని విచారణలో తేల్చారు. అప్పటినుంచీ ఆ అయిదిళ్ళవాళ్ళూ చిన్నోడి భార్య ఎదురొస్తే మొహం తిప్పుకునేవారు.

కొలతలాయన బ్రష్షు కింద పెట్టాడు.

"వాడి తప్పు కాదు."

"తెలుసు. నా తమ్ముడు నాకు తెలీదా?"

"అది కాదు. మందు నొక్కే ప్రెస్సు మరీ కిందికి దిగకుండా ఆపే అడ్డు ఒకటుంటుంది. అది అరిగిపోయింది. నేనే కొలిచాను. రెండు మిల్లీమీటర్లు. ఆర్డరు ఆగకూడదు, మూడ్రోజుల్లో మార్చేద్దాం, బాగానే ఉందని సంతకం పెట్టెయ్యమన్నాడు ఫోర్‌మన్. పెట్టాను."

"ఎన్నో రోజు పేలింది?"

"రెండో రోజు."

టీ గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది. "వాణ్ణి దోషి అన్నప్పుడు నువ్వు ఆ విచారణ గదిలోనే కూర్చున్నావు," అంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో మొగుణ్ణి ఆమె నువ్వు అనడం అదే మొదలు. "నా పక్కన కూర్చుని ఏడ్చావు కూడా."



మర్నాడు ఉన్నదంతా కాగితం మీద పెట్టి ఫ్యాక్టరీకి పంపాడు. నెల తిరక్కుండా జవాబొచ్చింది: ఆ ఫైలు మూసేశారట, రిజిస్టర్లు కాల్చేశారట, ఫోర్‌మన్ ఏనాడో పోయాడట. ఈలోగా రాకెట్టూ పూర్తయింది. మ్యూజియంవాళ్ళు గాజుపెట్టెలో నిలబెట్టి ఎత్తు, బరువు, వేగం రాసిన పలక తగిలించారు. "చేసినవాళ్ళ సంగతి కూడా ఒక ముక్క రాయండి" అని కొలతలాయన అడిగాడు. చోటు లేదన్నారు.

ఇంట్లో భార్య కంచం పెడుతుంది, మాట ఉండదు. ఒక ఆదివారం, ఫ్యాక్టరీకి పంపిన కాగితం నకలు తీసుకుని ఆయన చిన్నోడి భార్య ఇంటికి వెళ్ళాడు. ఆయన భార్య పిలవకుండానే వెంట వచ్చి గుమ్మంలో నిలబడింది. చిన్నోడి భార్య నిలబడే చదివింది, రెండుసార్లు.

"అన్నయ్యా, దీని కింద సంతకం మీదేనా?"

"నాదేనమ్మా."

"అయితే ఇది నాకివ్వండి. ఇంక మా గడప తొక్కకండి."

ఆ సాయంత్రమే వదినామరదళ్ళిద్దరూ ఆ కాగితం పట్టుకుని బయల్దేరారు. కొలతలాయన ఒక్కడే ఇంటికి నడిచాడు. వాళ్ళు ఆ అయిదిళ్ళ తలుపులూ ఒక్కొక్కటే తట్టారు. ఒకింట్లో వాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయారు. రెండిళ్ళలో కాగితం చదివి ఇచ్చేసి, మళ్ళీ మాట్లాడతామని తలుపేశారు. మరో ఇంట్లో కొడుకు చదివి, "ఇప్పుడు దీన్ని ఏం చేసుకోమంటారు?" అన్నాడు. చివరింట్లో మాత్రం ఒక ముసలావిడ చిన్నోడి భార్య చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆమె ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగింది.