తప్పిపోయిన గొర్రెకు నేను రాసిన రెండు పేజీలు

చదువరులారా, మీలో అబద్ధమాడి, ఆ అబద్ధం మీదే నిలబడి సత్యాన్ని గురించి ప్రసంగించినవారు ఎవరైనా ఉన్నారా? నేనున్నాను. మొన్న మంగళవారం మార్కాపురంలో మా మేనత్త కన్నుమూసింది. దోర్నాల ప్రార్థన కూటంలో వాక్యం చెబుతుండగా కబురు అందింది. ఏ వాక్యం మీద చెబుతున్నానో అడగకండి. సగంలో ఆపి బస్సెక్కాను.

ఆమె పలకల కార్ఖానాలో కూలికి పోయేది. ఏళ్ల తరబడి రాతిని నున్నగా రుద్దింది. ఆ దుమ్మే చివరికి ఆమె ఊపిరి తీసింది. పెద్దయ్యాక మిషన్ బడి పంతులమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకుంది గానీ, సిరా అన్నా కాగితమన్నా భయం పోలేదు. అంచు విరిగి అమ్మకానికి పనికిరాని పలకలు మేస్త్రి ఇస్తే ఇంటికి తెచ్చుకునేది. పని లేని పూట వాకిట్లో కూర్చుని వాటి మీద బలపంతో కథలు రాసేది.

నాకూ బడి చదువు లేదు. లేఖనాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. కథ ఎట్లా రాయాలో మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పలక నిండగానే నాకు చదివి వినిపించేది. వెంటనే తడిగుడ్డతో తుడిచేసేది. నా ప్రాణం ఉసూరుమనేది.

"ఎందుకత్తా, బాగుంది గదా."

"బాగుంటే మళ్ల వస్తది. రాకపోతే అది కత గాదు, నా గొప్ప."

మూడుసార్లు తుడిచినా నిలిచినదాన్ని నేను కాగితం మీదికి ఎత్తిరాసేవాణ్ణి. నా దస్తూరి అంటే ఆమెకు మురిపెం.

రాసింది ఎక్కడికి పంపాలో మాకు చెప్పేవాళ్లు లేరు. శెట్టిగారి దుకాణంలో పాత వారపత్రికలు చింపి పొట్లాలు కట్టేవారు. అత్త ఆ కాగితాలను సాపు చేసుకుని చదివేది. ఏ పత్రిక ఎట్లాంటి కథ వేస్తుందో, ఎంత పొడుగు వేస్తుందో అట్లాగే కనిపెట్టింది. చిరునామా ఉన్న ముక్క దొరికితే భద్రంగా దాచేది. ఒకసారి నేను పక్కనే ఉన్నాను.

"తూకం చూడకుండా కాగితం చూస్తావేంది అక్కా?" అన్నాడు శెట్టి.

"తూకం నువ్వు చూస్తావులే. ఈ కత సగమే ఉంది. మిగతా సగం ఎవరికి కట్టినావో చెప్పు."

"బెల్లానికి కట్టిపెట్టినా. కొను, ఆ పిల్లకు పెండ్లి అయితదో లేదో తెలుస్తది."

బెల్లం కొన్నది. పెండ్లి కాలేదు. దారి పొడుగునా నవ్వుతూనే ఉంది.

రాజధాని కర్నూలుకు వచ్చిన ఏడు ఆమె ఒక కథ ముగించింది. రాచర్ల దిక్కు ఒక గొర్రెల కాపరి భార్య. మొగుడు జ్వరంతో మంచం పట్టాడు. ఆమే మంద తోలుకుపోతే ఒక గొర్రె తప్పిపోతుంది. పొద్దుగూకేదాకా వెతికినా దొరకదు. ఇంటికి వచ్చాక మొగుడు "అన్నీ వచ్చినాయా" అంటాడు. "వచ్చినాయి" అంటుంది. అంతే కథ.

ఎత్తిరాస్తుంటే నా చేయి ఊరుకోలేదు. తప్పిపోయిన గొర్రె దొరకకపోవడమేమిటి? లేఖనంలో కాపరి దాన్ని భుజాల మీద వేసుకుని వస్తాడు గదా. అత్తకు చెప్పకుండా, ఆమె ఆపిన చోటి నుంచి కొత్త పేజీ ఎత్తుకుని గొర్రెను వాకిట్లోకి రప్పించాను. అంతటితో ఆగక ప్రసంగం కూడా జోడించి, ఆ రెండు పేజీలతో సహా ఆమె పేరు మీద మద్రాసు పత్రికకు పంపాను.

కొన్ని వారాలకు తిరిగొచ్చిన కథతో పాటే నా చిరునామాకు జాబు వచ్చింది. కాపరి భార్య మొగుడికి అబద్ధం చెప్పేదాకా కథ చాలా బాగుందనీ, ఆ తరువాతి రెండు పేజీలు తీసేసి పంపితే వెంటనే వేస్తామనీ సంపాదకుడు రాశాడు. నాకు రోషం వచ్చింది. వాక్యాన్ని తీసేయమనడానికి వీళ్లెవరు అనుకున్నాను. నిజానికి ఆ రోషం వాక్యం కోసం కాదు, నా రెండు పేజీల కోసం. ఈ తేడా తెలియడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

"మద్రాసోళ్లు ఏమన్నా రాసినారా నాయనా?" అని అడిగింది అత్త.

"తిప్పి పంపినారు."

"ఎందుకో చెప్పినారా?"

"చెప్పలేదత్తా."

ఆమె కాసేపు బలపాన్ని వేళ్ల మధ్య తిప్పింది. "గొర్రె దొరికినట్టు రాయాల్సిందేమో. నాకు చేతగాలా" అన్నది.

ఆ తరువాత కార్ఖానా నుంచి విరిగిన పలకలు తేవడం మానేసింది. నా కథలు మాత్రం సంఘ పత్రికల్లో పడుతూ వచ్చాయి, ఆమె నేర్పిన పద్ధతిలోనే, నా పేరుతో. ప్రతిదీ ఆమెకే చదివి వినిపించాను. "ఈ కడాన ఇంకొంచెం తుడువు" అనేది. ఒక్కనాడూ అసూయ పడలేదు. పడి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

కిందటి నెల నిజం చెప్పాలనే వెళ్లాను. ఆయాసంతో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నోరు తెరిస్తే ప్రార్థన వచ్చింది. చాలాసేపు చేశాను. ఆమేన్ అన్నాక ఆమె కళ్లు తెరిచి నవ్వింది.

"ఏందిరా ఇంత పొడుగు. పలక మీద రాసింటే సగం తుడిచేసేదాన్ని. ఏదో చెప్పాలని వచ్చినట్టున్నావు, ఒక్క ముక్కలో చెప్పు."

ఆ ఒక్క ముక్క నాలుక మీదిదాకా వచ్చింది. మింగేసి, "మళ్లొస్తానత్తా" అన్నాను. మళ్లీ వెళ్లేసరికి మట్టి వేస్తున్నారు.

నిన్న ఆ రెండు పేజీలు విడదీసి, మిగిలిన కథను ఆ మద్రాసు పత్రికకే ఆమె పేరుతో పోస్టు చేశాను. ఈలోగా రాజధాని కూడా హైదరాబాదుకు తరలిపోయింది. ఆ సంపాదకుడు ఇంకా ఉన్నాడో లేడో తెలియదు. అచ్చయినా ఇక ఎవరికి చదివి వినిపించను?

నన్ను ఓదార్చకండి. మీ సంగతి చూసుకోండి. పంపుతానని ఒకరి రాత తీసుకుని మీ పెట్టెలో పెట్టి ఉంటారు. ఒకరిని మెచ్చుకున్న మాట మీ చెవిన పడీ వాళ్లకు చేరవేయకుండా ఉంటారు. ఆదివారం దాకా ఆగకండి. ప్రార్థన చేసి చూద్దామనకండి. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. వాళ్లు రాసింది రాసినట్టే కవరులో పెట్టండి, ఆ మంచిమాట వాళ్ల మొహం మీదే చెప్పండి. తపాలా సంచి మూడింటికి కట్టేస్తారు. ఇంకా పొద్దుంది, నడవండి.