నాకంటూ ఒక చలికాలం

నా భర్త చనిపోయిన ఏడాది, 2012లో, శంషాబాద్‌లో చలి ముందే మొదలైంది. ఆయన ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడిపేవాడు. గగన్‌పహాడ్ దగ్గర లారీ గుద్ది వెన్నెముక విరిగాక మూడేళ్లు మంచం మీదే ఉన్నాడు. ఆ మూడేళ్లూ నా బతుకంతా ఆయన ఒంటి చుట్టూనే తిరిగింది. పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, తుడవడం, తినిపించడం. కార్తీకంలో ఒక మధ్యాహ్నం, నేను అన్నం కలుపుతుండగానే ఊపిరి ఆగిపోయింది. మాకు పిల్లలు లేరు.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక నేను చేయాల్సిన పనంటూ ఏదీ మిగల్లేదు. పొద్దున్నే లేచి నీళ్లు కాచేదాన్ని. ఎవరికోసం కాస్తున్నానో గుర్తొచ్చి స్టవ్ ఆర్పేసేదాన్ని. తెల్లవారకముందే మెలకువ వచ్చేది. అది ఆయన్ను పక్కకు తిప్పే వేళ. కింద పడుకున్నదాన్ని పడుకున్నట్టే మంచం వైపు చెయ్యి చాచేదాన్ని. పరుపు పారేశాం కదా, ఉత్త చెక్క తగిలేది.

మేడ మీద గదిలో ఒకామె కిరాయికి ఉండేది. పాతబస్తీ నుంచి వచ్చింది, బట్టలు కుట్టి తన స్కూటీ మీద ఇచ్చొచ్చేది. రోజూ నాకింత చాయ్ తెచ్చిచ్చేది. ఒకరోజు గోడకానుకుని కూర్చున్న నన్ను చూసి విసుక్కుంది.

"గిట్ల కూసుంటే పాగల్ అయితవ్ అక్కా. ఈ చలికాలం మొత్తం నీదే. ఏం చేస్తవో చెప్పు."

"ఏం చెయ్యాలె?"

"నాకేం ఎరుక? నీ దిల్‌ల ఏమున్నదో నువ్వే చెప్పాలె."

ఆ మాట నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు. చాలాసేపు వెతుక్కుంటే దొరికినవి పైకి చెప్పడానికే సిగ్గేసింది. కూర్చుని, వేడివేడిగా తినాలి. పొద్దెక్కేదాకా పడుకోవాలి. ఆమె స్కూటీ నడపడం నేర్చుకోవాలి. చివరిది విని ఆమె నవ్వింది. "చలో, రేపటి సంది షురూ."

నిద్ర నా మాట వినలేదు. తిండి కొంత నయం. స్కూటీ మాత్రం పట్టుబట్టి నేర్చుకున్నాను. మా బస్తీ వెనక పొలాలన్నీ ప్లాట్లయిపోయి, ఇళ్లు లేని రోడ్లు వేసి ఉండేవి. పొద్దున పొగమంచులో హద్దురాళ్లు కూడా కనిపించేవి కావు. నెత్తి మీదుగా విమానం దిగే చప్పుడు మాత్రం వినిపించేది. రెండుసార్లు పడి మోచెయ్యి గీరుకుపోయింది. ఒకరోజు ఆమె వెనక పట్టుకున్న చెయ్యి వదిలేసినా బండి ముందుకు సాగిపోయింది. చలిగాలి ముఖానికి కొట్టింది. ఆ కాసేపూ ఆయన గుర్తు రాలేదు. గుర్తొచ్చాక బండి ఆపి ఏడ్చాను.

నల్లా దగ్గర ఆడవాళ్లు అనుకుంటుంటే విన్నాను. "మొగడు పోయి ఇంకెన్ని దినాలైంది? అప్పుడే బండి నేర్సుకుంటున్నదట." ఆ మాటలు మా బావ దాకా పోయినట్టున్నాయి. బావంటే నా భర్తకు అన్న. మా అత్త ఆయన దగ్గరే, ఊళ్లో ఉండేది. ఒకనాడు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మ జారిపడ్డది. తుంటిబొక్క ఇరిగింది. ఈ వయసుల ఆపరేషన్ వద్దన్నరు దవాఖానల. మా ఇంట్ల చేసేటోళ్లు లేరు. నీకైతే ఇగ తీరికే గద."

"ఈ చలికాలం పొయ్యేదాంక జర టైం ఇయ్యుండ్రి బావా. ఎనక నేనే తోల్కచ్చుకుంట."

"టైం దేనికి? బండి మీద తిరగనీకా?"

చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

వారం తిరక్కముందే, నేను ప్లాట్ల దగ్గర బండి నడిపి వచ్చేసరికి, గొళ్లెం తీసి ఉంది. ఆ ఉత్త చెక్కమంచం మీద ఒక దుప్పటి పరిచి అత్తను పడుకోబెట్టారు. తెచ్చిన ఆటో వెళ్లిపోయింది. బావ కూడా లేడు.

"నేనొస్త అనలే బిడ్డా," అంది అత్త. "తెచ్చి పండవెట్టి పోయిండ్రు." మంచం పట్టెను తడిమి చూసింది. "ఇది నా కొడుకు మంచమే గదా?"

"అవునత్తా."

ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. బావ మీద వచ్చిన కోపం ఆమె మీదికి రాలేదు. బట్టలు మారుస్తుంటే వీపు మీద అప్పటికే ఎర్రగా కందిన చోటు కనిపించింది. ఎక్కడ పట్టి తిప్పాలో, కాళ్ల మధ్య దిండు ఎలా పెట్టాలో నా చేతులు మరిచిపోలేదు. అందుకు వాటి మీదే కోపం వచ్చింది.

స్కూటీ పూర్తిగా మానలేదు. మేడ మీది ఆమె అత్త దగ్గర కూర్చున్నప్పుడు మెడికల్ షాపు దాకా వెళ్లొచ్చేదాన్ని. ఒకసారి అత్తే అడిగింది.

"బండి మంచిగ నడుపుతవంట గద. నన్ను జర తిప్పుకరావా?"

"పోదాం అత్తా. నువ్వు లేచినంక."

లేవదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె తల ఊపింది.

ఎండలు ముదరకముందే అత్త పోయింది. అందరికంటే గట్టిగా బావే ఏడ్చాడు. కన్నతల్లి కంటే ఎక్కువ చూసుకుందని వచ్చినవాళ్లందరికీ నా గురించి చెప్పాడు. మనస్ఫూర్తిగానే చెప్పాడు. అది విని ఆయన భార్య తరపు చుట్టమొకామె, తన చిన్నమ్మ కూడా మంచం పట్టిందని నా చెయ్యి పట్టుకుని మొదలుపెట్టింది.

పదకొండో రోజు కాగానే ఎయిర్‌పోర్టు దారిలో ఒక హోటల్లో చేరాను. రోజంతా దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టే పని. నీకైతే తీరికే గదా అని ఇంకెవరూ అనకుండా, తీరిక దొరకదని తెలిసే చేరాను.