ముసలాయన వేడినీళ్ళు

మా క్వీన్స్‌టౌన్‌లో జూన్, జూలై చలికి పళ్ళు టకటక కొట్టుకుంటాయి. ఆ చలికాలమంతా పక్కింటి ముసలాయన వెలిలే తన స్నానాలగదిలోంచి అరుస్తూనే ఉన్నాడు: "గోరువెచ్చగా కూడా లేవర్రా నీళ్ళు!"

"గీజర్ బాగానే ఉంది నాన్నా. చల్లబడింది నీ ఒళ్ళే," అని నవ్వేవాడు కొడుకు లుంగా. వయసు మీద పడ్డాక మాటకి విలువెక్కడిది!

కోడలు నొసాఖేలే వంటింటి కుళాయి తిప్పి చూసేది. చెయ్యి కాలేది. తన షవర్‌లోనూ వేడి నీళ్ళే. మామగారి స్నానాలగదిలోకి మాత్రం వెళ్ళలేదు. మాలో కోడలు అలా వెళ్ళకూడదు.

ఆగస్టులో ముసలాయన పోయాడు. అంత్యక్రియలకి వచ్చే చుట్టాల కోసం ఆ గది కుళాయి చూడమని ప్లంబర్ సిడుమోని పిలిచారు. అతను గీజర్‌లోకి వెళ్ళే నీళ్ళు కట్టేసి, ఆ గది వేడినీళ్ళ కుళాయి తిప్పాడు. ఆగిపోవాల్సిన నీళ్ళు చల్లగా వస్తూనే ఉన్నాయి. గదులన్నీ వెతుక్కుంటూ కోడలి షవర్ దగ్గర ఆగాడు.

"దీన్ని ఎలా ఆపుతావమ్మా?"

"చేతి షవర్ మీట నొక్కేస్తా. వేడిదీ చల్లదీ కుళాయిలు రెండూ తెరిచే ఉంచితే మళ్ళీ వేడి సరిచూసుకునే పనుండదు కదా."

"అదే కొంప ముంచింది. బయటికి దారి లేక చన్నీళ్ళు ఇక్కడ వేడి గొట్టంలోకి దూరి, దీని తర్వాతుండే ఆ గదికి పోతున్నాయి."

అతను రెండు కుళాయిలూ కట్టి, గీజర్ నీళ్ళు వదిలాడు. ముసలాయన గది ఆవిరితో నిండిపోయింది. నొసాఖేలే గడప బయటే నిలబడి చూసింది.

"గౌరవమని ఆయన పేరు కూడా ఎత్తలేదు నేను," అంది నాతో. "ఆయన మాట మాత్రం వినలేదు."