మిగిలిపోయిన మొక్కు

ఈ మధ్య మా మనవరాలు కాలేజీ సెలవులకు భిలాయి స్మృతి నగర్‌లోని మా ఇంటికి వచ్చి, మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పక్కన చేరి తన ల్యాప్‌టాప్‌లో ఒక డాక్యుమెంటరీ పెట్టింది. ఎక్కడో సముద్రాల అవతల ఒక మహానగరంలో, మగపిల్లలుగా పుట్టి ఆడవేషం మీద మనసు పడ్డవాళ్ళు, ఆ పాపానికి ఇళ్ళలోంచి గెంటించుకున్నవాళ్ళు, ఒక హాల్లో చేరి పోటీలు జరుపుకుంటారట. దర్జాగా ముస్తాబై ఒక్కొక్కరే నడిచి వస్తుంటే ఎదురుగా కూర్చున్నవాళ్ళు మార్కులు వేస్తారు, గెలిచినవాళ్ళకు కప్పులిస్తారు. కన్నవాళ్ళు కాదన్నవాళ్ళంతా కలిసి ఒక ఇల్లుగా ఏర్పడి, ఆ ఇంటికో పేరు పెట్టుకుని, అందులో పెద్దదాన్ని అమ్మా అని పిలుచుకుంటారు. నాకు ఇంగ్లీషు సగమే అర్థమవుతుంది కాబట్టి మనవరాలు పక్కనుంచి హిందీలో చెబుతూ వచ్చింది, తెలుగులో చెప్పమంటే పాపం దానికి మాటలు వెతుక్కోవలసి వస్తుంది. అందులో ఒకచోట, పోటీకి ముందు, ఒకామె గోడవైపు తిరిగి నిలబడితే ఇంకొకామె వెనకనుంచి ఆమె గౌనుకు ఒక్కొక్క హుక్కే పెడుతూ ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి నీళ్ళ వంక పెట్టి లేచిపోయాను.

"అమ్మమ్మా, మీ జమానాలో ఇలాంటి లోగ్ ఉండేవాళ్ళా? నీకెవరైనా తెలుసా, సచ్ బోలో," అని అది వంటింటి గుమ్మం దాకా వచ్చి అడిగింది. మా కాలంలో అలాంటివేవీ లేవమ్మా అన్నాను. డెబ్బయ్యేళ్ళకు దగ్గర పడుతున్నదాన్ని, ముప్ఫయ్యేళ్ళు బడిలో పిల్లలకు నిజం చెప్పమని పాఠాలు చెప్పినదాన్ని, అంత అవలీలగా అబద్ధం ఆడేశాను. అందుకే ఇది రాస్తున్నాను. ఉక్కు ప్లాంటు సైరన్‌ను బట్టి పొయ్యి మీద ఎసరు పెట్టుకున్న నా ఈడువాళ్ళకు ఇందులో చాలా సంగతులు విడమర్చి చెప్పనవసరం లేదు.

మా నాన్న శ్రీకాకుళం పక్కనుంచి వచ్చి ఇక్కడ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో చేరినవాడు. నేను పుట్టింది భిలాయిలోనే, నాకన్నా మూడేళ్ళు పెద్దవాడైన అన్నయ్య మాత్రం ఊళ్ళో పుట్టాడు. అన్నయ్యకు అయిదేళ్ళప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసి, కళ్ళు కూడా తెరవలేని స్థితికి వస్తే, మా అమ్మ పసుపు బట్టలో ముడుపు కట్టి మొక్కుకుంది. పిల్లవాణ్ణి దక్కిస్తే ఏడు సంబరాలకు వాడికి ఆడపిల్ల వేషం కట్టి, వాడి నెత్తిన ఘటం పెట్టి నీ గుడికి నడిపిస్తానని. మన వైపు అలాంటి మొక్కులు వింతేమీ కాదు. ఇక్కడి క్వార్టర్ల మధ్య మనవాళ్ళే చందాలేసుకుని కట్టిన చిన్న గుడి ఒకటుండేది, ఏటా ఎండలు ముదిరే రోజుల్లో అక్కడ అమ్మవారి సంబరం చేసేవారు. పొద్దున్నే డప్పులు మొదలయ్యేవి, అమ్మ అన్నయ్యకు తన పెళ్ళిచీరను సగానికి మడిచి కట్టేది, చేతినిండా గాజులు వేసి, జడకు సవరం పెట్టి పూలు ముడిచేది. వీధిలో నడుస్తుంటే ప్రతి గుమ్మం ముందూ ఆడవాళ్ళు బిందెలతో పసుపునీళ్ళు తెచ్చి వాడి కాళ్ళు కడిగేవారు, షిఫ్టు దిగివచ్చిన పెద్ద పెద్ద మీసాల మగవాళ్ళు వంగి దణ్ణాలు పెట్టేవారు. నాకు ఎంత అసూయగా ఉండేదో చెప్పలేను, ఆడపిల్లనైన నాకు ఎవరూ కాళ్ళు కడగలేదు కదా అని ఏడ్చేదాన్ని.

మొక్కు పన్నెండో ఏట తీరిపోయింది. చీర మడిచి పెట్టెలో పెట్టేశారు. కానీ అన్నయ్యకు తీరలేదు, అది మాకెవరికీ అర్థం కాలేదు. నాన్న రెండో షిఫ్టులో ఉన్న రోజుల్లో అమ్మ కూరలకు వెళ్తే, తలుపేసుకుని ఆ పెట్టె తీసేవాడు. నేను కాపలా ఉండేదాన్ని, అదొక ఆటనుకునేదాన్ని. పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆట కాదని తెలిసింది. ఐ.టి.ఐ.లో ఫిట్టరు కోర్సులో చేరాక కూడా జుట్టు కత్తిరించుకోనని మొండికేసి భుజాల దాకా పెంచాడు, నడకా మాటా అన్నీ వీధిలో నవ్వులపాలయ్యాయి. నాన్నతో సైకిళ్ళ మీద డ్యూటీకి వెళ్ళేవాళ్ళు దారి పొడుగునా ఏడిపించేవారట. నాన్న ఆ కోపాన్నంతా ఇంటికి తెచ్చి బెల్టుతో తీర్చుకునేవాడు. కాళ్ళు కడిగినవాళ్ళు కూడా అన్నయ్య ఎదురైతే పక్కకు ఉమ్మేవారు. ఆ రోజుల్లోనే ఒకసారి, వీపు మీద వాతలకు నేను కొబ్బరినూనె రాస్తుంటే, నన్ను అక్కా అని పిలవవే అని బతిమాలాడు. నాకు నవ్వొచ్చింది, సిగ్గేసింది, పిలవలేదు.

అప్పుడు ఊరి నుంచి మా మేనత్త వచ్చింది. ఆవిడ మాటంటే నాన్నకు వేదం. వచ్చిన మూడో రోజున సంబరాలు వేళ్ళ మీద లెక్కబెట్టి, తాతయ్య పోయిన ఏడాది మైల వల్ల ఘటం ఎత్తలేదని, అమ్మవారికి ఏడు కాదు ఆరే దక్కాయని తేల్చింది. "ఏటనుకున్నావురా తమ్ముడా, ఒక్క ఏడాది తగ్గిందని తల్లి ఈ గుంటణ్ణి ఒగ్గేయలేదు. ఆ ఒక్కటీ తీర్చీసి, గుడి కాడే గుండు కొట్టించీసి, ఆ చీరా గాజులూ తగలెట్టీయండి. మగాడైపోతాడు," అంది. ఇంట్లో అందరూ ఎంత తేలికపడ్డారంటే, అమ్మ ఆ పూట చాలా రోజుల తరువాత కడుపునిండా అన్నం తిన్నది. ఇంతకాలం తమ పెంపకంలోనో వాడి బుద్ధిలోనో ఉందనుకున్న తప్పు ఒక ఏడాది లెక్కలో దొరికింది. నేనూ నమ్మాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది కానీ, ఆనాడు మేమెవరం కూడా అన్నయ్యకు చెడు తలపెట్టాలని చేయలేదు, అదే అన్నిటికన్నా భయంకరమైన విషయం.

గుండు మాట తెలిస్తే అన్నయ్య గడప దాటడని అందరికీ తెలుసు. అందుకని గుండు సంగతి దాచిపెట్టి, వేషం సంగతి ఒక్కటే చెప్పాలని నిర్ణయించారు. ఎవరు చెబితే నమ్ముతాడు? అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఒలే, నువ్వు పిలిస్తే వత్తాడే. మేం పిలిస్తే రాడు. వాడి బతుకు బాగుపడాలా వద్దా నువ్వే సెప్పు," అని నా గడ్డం పట్టుకుంది. నాకప్పుడు పదహారేళ్ళు. మంగలికి కబురు వెళ్ళిందని, నాన్న షిఫ్టువాళ్ళు ఇద్దరు గుడి వెనక ఉంటారని నాకు అన్నీ తెలుసు.

అన్నయ్య వెనక వరండాలో చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. ఈసారి సంబరానికి నువ్వు ఘటం ఎత్తాలట, చీర కట్టుకోమన్నారు, ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు అని చెప్పాను. నా మొహంలోకి చూసి, "నిజివేనేటే? నాన్న కూడా ఒప్పుకున్నాడేటే?" అని రెండుసార్లు అడిగాడు. నమ్మలేదు. అప్పుడు నేను, ఎవరూ నేర్పకుండానే, నా అంతట నేనే, "రా అక్కా, నేను కడతాను కదా చీర," అన్నాను. సూది కింద పెట్టేశాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను, నవ్వాడు.

చీర నేనే కట్టాను. వాడు గోడవైపు తిరిగి నిలబడితే వెనకనుంచి రవికె హుక్కులు పెట్టాను, కుచ్చిళ్ళు పోశాను, సవరం అక్కర్లేని సొంత జుట్టుకు జడ అల్లి పూలు పెట్టాను. పూలు రెండుసార్లు జారవిడిస్తే వేడుక వల్లనేమో అనుకుని నా చేతిని ఒకసారి నొక్కాడు. ఆ పొద్దున ఘటం ఎత్తి అన్నయ్య వీధిలో నడిచిన తీరు చూసి నవ్వుదామని వచ్చినవాళ్ళు కూడా చూస్తూ ఉండిపోయారు. ఘటాన్ని చేత్తో పట్టుకోకుండా, డప్పు వేగానికి అడుగు తప్పకుండా గుడి దాకా ఆడుకుంటూ వెళ్ళాడు. మళ్ళీ గుమ్మం గుమ్మానికీ పసుపునీళ్ళు వచ్చాయి. అన్నయ్య ముఖంలో అంత వెలుగు అంతకు ముందు గానీ ఆ తరువాత గానీ నేను చూడలేదు.

ఘటం దింపగానే పట్టుకున్నారు. పొద్దున వంగి దణ్ణాలు పెట్టిన మగవాళ్ళే చేతులు వెనక్కి విరిచారు. మొదట ఏం జరుగుతోందో అర్థం కాక అమ్మా అన్నాడు, కత్తి తగిలాక గింజుకున్నాడు, గింజుకున్న కొద్దీ తల మీద గాట్లు పడి నెత్తురు పసుపు మీదుగా కారింది. ఆ తరువాత కేకలు మానేసి గుంపులో ఎవరినో వెతికాడు. నన్నేనని నాకు తెలుసు. నేను షామియానా గుడ్డ వెనక నిలబడి చెవులు మూసుకున్నాను. చీరకు నాన్న నిప్పంటించాడు. మేనత్త హారతి ఇచ్చింది. మర్నాడు అన్నయ్య ప్యాంటూ చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ఐ.టి.ఐ.కని చెప్పి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. మొక్కు తీరిందని చెప్పుకోవడానికి మాకు ఒక్క రోజు దొరికింది.

కొన్నాళ్ళకు చరోదా రైల్వే కాలనీ అవతల హిజ్రాల ఇంట్లో ఉన్నాడని ఎవరో చెప్పారు. నాన్న ఇంట్లో ఆ పేరు ఎత్తనివ్వలేదు. నా పెళ్ళి సంబంధాలప్పుడు నేనొక్కర్తినే సంతానమన్నారు. పెళ్ళయిన తరువాత ఒకే ఒక్కసారి చూశాను, దుర్గ్ నుంచి రాయపూర్ వెళ్ళే లోకల్ రైలులో, పక్కన అత్తగారు, ఒళ్ళో నెలల పాప. చప్పట్లు కొడుతూ నలుగురు పెట్టెలోకి వచ్చారు, అందులో ఒకరు నా ముందుకు వచ్చి ఆగిపోయారు. నడుము దాకా జడ, చెంపల మీద అమ్మవారి మచ్చలు. నేను తల కిటికీ వైపు తిప్పేసుకున్నాను. ఒక చెయ్యి పాప తల మీద పడి, క్షణం ఉండి, తొలగిపోయింది. పిలవలేదు, అడగలేదు, నన్ను ఎవరి ముందూ తల దించుకునేలా చేయలేదు. మంచి దీవెన దొరికిందని మా అత్తగారు సంబరపడింది.

తరువాత మూడేళ్ళకు ఒక మధ్యాహ్నం మా క్వార్టరు గేటు ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది, చప్పట్లు కొట్టకుండా, తెల్లచీర కట్టుకుని. ఆ హిజ్రాల ఇంటికి పెద్ద, అన్నయ్యకు గురువమ్మ అట. క్షయతో మూడు నెలలు మంచాన ఉండి పోయాడని, పుట్టింటికి కబురు చేయవద్దని ఒట్టు పెట్టించుకున్నాడని, ఖననం అయిపోయాక వచ్చానని చెప్పింది. నేను లోపలికి రమ్మనలేదు, వీధిలోవాళ్ళు చూస్తారని నా భయం. ఆవిడ మాత్రం నన్ను కళ్ళారా చూసుకుని, "ఛోటీ బహెన్ తూ హీ హై నా," చెల్లెలివి నువ్వే కదూ అని చెయ్యి పట్టుకుంది. ఆ ఇంట్లో కన్నవాళ్ళు తరిమేసినవాళ్ళే కదా అందరూ, ఎవరి కథ చూసినా ఒకటే కదా అంది. మావాడు మాత్రం కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ చెప్పేవాడట, మా ఇంట్లో అందరూ నన్ను మోసం చేశారు, మా చెల్లి ఒక్కతే నన్ను ఒప్పుకుంది, తన చేతులతో చీర కట్టి అక్కా అని పిలిచింది, పాపం దానికీ ఏమీ చెప్పకుండా చేశారు అని. నీకు ఆ ఒక్క చెల్లెలు ఉంది, మాకు అదీ లేదు అని మిగతావాళ్ళు ఏడ్చేవారట. ఆవిడ నా తల నిమిరి దీవించి వెళ్ళిపోయింది. నాకు అన్నీ ముందే తెలుసమ్మా అని నేను ఆవిడకు చెప్పలేదు.

ఇది రాస్తూ అన్నయ్య అనే రాశాను. తనకు ఇష్టం లేని వరస అదని తెలిసినా, ఆ రెండో పిలుపును నేను ఎందుకు వాడానో గుర్తొచ్చి చెయ్యి సాగలేదు. సంబరం ఇప్పుడూ జరుగుతోంది, డప్పుల బదులు పెద్ద స్పీకర్లు వచ్చాయి, వేషం మొక్కులు దాదాపు పోయాయి. ఇలాంటివాళ్ళకు ఇప్పుడు గుర్తింపు కార్డులున్నాయని, కోర్టులున్నాయని, తన క్లాసులోనే ఒకరున్నారని, అందరూ మామూలుగానే ఉంటారని మనవరాలు చెబుతుంది. వింటుంటే మనసుకు ఎంతో ఊరటగా ఉంటుంది. ఆ రోజుల్లో ఇవేవీ లేకపోబట్టే అలా జరిగిందని నాకు నేను చెప్పుకోబోతాను కూడా. కానీ వరండాలో అన్నయ్య రెండుసార్లు అడిగినప్పుడు, వెళ్ళకు, మంగలిని పిలిచారు అని చెప్పడానికి నాకు ఏ చట్టమూ అవసరం లేదు. ఇంట్లో నా మాట ఒక్కటే నమ్మేవాడు, నేను చెప్పలేదు.