ఒడీలియా ఎప్పుడో పాసయింది

ఒడీలియా బరాగాన్ పదకొండేళ్లుగా కాలేజీకి వెళుతోంది. పగలంతా ప్యాకింగ్ షెడ్డులో పీచ్ పళ్లు ఏరడం, సాయంత్రం కమ్యూనిటీ కాలేజీలో క్లాసు. టర్ముకు ఒక్క క్లాసే. అంతకు మించి ఓపిక ఉండేది కాదు.

"ఏం వదినా, ఆ కాలేజీ నీ పేర రాసిచ్చేశారా?" అనేది పక్కన నిలబడి పళ్లు ఏరే చాయో.

"రాసిస్తే నిన్ను వాచ్‌మన్‌గా పెట్టుకుంటాలే."

చదువు పూర్తయితే పట్టా దానంతటదే పోస్టులో వస్తుందని ఒడీలియా నమ్మకం. అది వచ్చేదాకా టర్ముకో కొత్త క్లాసుకు పేరు రాయించుకుంటూ పోయింది.

ఆ గురువారం ఫోన్ నంబరు మార్పించుకుందామని ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లింది. లోపల కూర్చున్న పాహువా, తనలాగే వలస వచ్చిన హ్మాంగ్ తెగవాళ్ల అమ్మాయి, కంప్యూటర్ చూసి కళ్లు పెద్దవి చేసింది.

"ఆంటీ! పట్టాకు అరవై యూనిట్లు చాలు, మీకు అరవై మూడున్నాయి. కిందటి మే నెలకే అయిపోయింది కదా మీ చదువు!"

"మరి పట్టా రాలేదేం?"

"మీరు అడిగారా?"

అడగాలా? విందుకు వెళ్లి నాకో పళ్లెం పెట్టండని చెయ్యి చాచినట్టు ఉండదూ?

"మా అమ్మా ఇంతే, మూడేళ్లు కాచుకు కూర్చుంది," అంది పాహువా. "మీవాళ్లూ మావాళ్లూ చదువు పూర్తిచెయ్యట్లేదని ఇక్కడ ఏటా మీటింగులు పెట్టి తల పట్టుకుంటారు. ఇదిగో ఫారం. సలహాదారు హాల్వర్సన్ గారి సంతకం కావాలి. ఈ ఏటికి గడువు ఇవాళ ఐదింటిదాకానే. ఆయన ఇప్పుడే బయటికి వెళ్లారు. పరుగెత్తండి!"

గడియారంలో ఐదుకు ఇంకా పది నిమిషాలుంది. క్లాసులో ఒక్కసారి కూడా చెయ్యెత్తి ఎరగని ఒడీలియా కార్లు నిలిపేచోటికి పరుగెత్తింది. హాల్వర్సన్ గారు అప్పటికే కారు తలుపు తీశారు.

"సార్!" అని గట్టిగా అరిచింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "సార్, నేను పాసయ్యాను!"

"చాలా సంతోషమమ్మా," అన్నారాయన కంగారుగా.

"సంతోషం కాదు సార్, సంతకం కావాలి!"

ఆయన నవ్వేసి, ఫారమంతా చదివి, కారు బానెట్ మీదే సంతకం పెట్టారు. ఐదుకు రెండు నిమిషాలుందనగా పాహువా దాని మీద ముద్ర కొట్టింది.

"అయిపోయింది ఆంటీ. ఇక ఈ టర్ము క్లాసు మానేసినా ఏం కాదు."

"భలేదానివే! ఇవాళ పరీక్ష, మూడు రోజుల్నించి చదువుతున్నాను," అంటూ ఒడీలియా సంచి భుజాన వేసుకుని క్లాసుకు బయల్దేరింది.